ఉపహార్ థియేటర్ కథ: బిల్డింగ్ కాలితే బాధ్యత ఎవరిది?

ఈ రోజు ఎపిసోడ్ ఒక సినిమా హాలు గురించి. కానీ ఇది సినిమా కబురు కాదు, ఒక చట్టం కథ. ఇంకా చెప్పాలంటే ఒక ప్రశ్న కథ. ఒక బిల్డింగ్‌లో మంటలు లేచి మనుషులు చనిపోతే తప్పు ఎవరిది? ఓనర్‌దా? మేనేజర్‌దా? కరెంటు డిపార్ట్‌మెంట్‌దా? లైసెన్స్ ఇచ్చిన ఆఫీసర్‌దా? వినడానికి చిన్న ప్రశ్నే. మన దేశంలో ఒక్క బిల్డింగ్ విషయంలో దీనికి కోర్టులో జవాబు తేలడానికి 20 ఏళ్లు పట్టింది.

1997 జూన్ 13, శుక్రవారం. దక్షిణ ఢిల్లీలోని గ్రీన్ పార్క్ ఏరియా, ఉపహార్ సినిమా. ఆ రోజే బోర్డర్ రిలీజ్. 1971 యుద్ధం మీద జె.పి.దత్తా తీసిన సినిమా. వేసవి సెలవులు, కొత్త సినిమా, మధ్యాహ్నం 3 గంటల ఆట. పిల్లలు, ఫ్యామిలీలు, కాలేజీ స్టూడెంట్స్‌తో హాలు నిండిపోయింది. ఆ ఆట పూర్తి కాలేదు. 59 మంది చనిపోయారు. వంద మందికి పైగా గాయపడ్డారు.

ఇక్కడ మొదట తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. హాల్లో మంటలు లేవు. స్క్రీన్ కాలలేదు, సీట్లు అంటుకోలేదు. మంట పుట్టింది కింద, కార్ పార్కింగ్ ఉన్న గ్రౌండ్ ఫ్లోర్‌లో. జనం చనిపోయింది పొగతో. అది కూడా ఎక్కువ మంది పైన బాల్కనీలో. కింద మంట, పైన చావు. మధ్యలో ఏం జరిగిందో అర్థమైతే మిగతా కథంతా అర్థమవుతుంది.

బిల్డింగ్ ఎలా ఉండేదో చూద్దాం. గ్రౌండ్ ఫ్లోర్‌లో పార్కింగ్, ట్రాన్స్‌ఫార్మర్ గదులు. ఫస్ట్ ఫ్లోర్‌లో మెయిన్ హాలు. దాని పైన బాల్కనీ. కింద రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉండేవి. ఒకటి థియేటర్ సొంతది. రెండోది పెద్దది, ఢిల్లీ విద్యుత్ బోర్డుది, 1000 కేవీఏ. అంటే ఆ చుట్టుపక్కల ఏరియాకి కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఒక సినిమా హాలు కింద, కార్ల పక్కన ఉంది.

ఆ రోజు ఉదయం 7 గంటలలోపే ఆ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకసారి మంట లేచింది. ఆర్పేశారు. బోర్డు సిబ్బంది వచ్చి రిపేర్ చేశారు. ఎలా చేశారు? కేబుల్ చివర సాకెట్‌ని గట్టిగా బిగించడానికి క్రింపింగ్ మెషీన్ అనే పరికరం వాడాలి. వీళ్లు డై పెట్టి సుత్తితో కొట్టి బిగించారు. మధ్యాహ్నం కాకముందే కరెంటు ఇచ్చేశారు. పొద్దున మంట లేచిన ట్రాన్స్‌ఫార్మర్ అది. దాని మీద అదే రోజు హౌస్‌ఫుల్ షో నడిపారు.

సాయంత్రం 5 గంటల ప్రాంతంలో ఆ వదులు కనెక్షన్ దగ్గర నిప్పురవ్వలు మొదలయ్యాయి. కేబుల్ ఊడి కిందికి జారి రేడియేటర్‌కి తగిలింది. రేడియేటర్‌కి చిల్లు పడింది. ట్రాన్స్‌ఫార్మర్ లోపల చల్లదనం కోసం నూనె ఉంటుంది కదా, ఆ నూనె బయటికి కారి అంటుకుంది. నూనె కారితే ఆ గది దాటి పోకుండా పట్టుకోవడానికి కింద ఒక గుంట ఉండాలి. అక్కడ లేదు. ఫాల్ట్ రాగానే కరెంటు తనంతట తనే ఆగిపోయే రిలే ఏర్పాటు ఉండాలి. అదీ లేదు. కాలుతున్న నూనె పార్కింగ్‌లోకి పారింది. అక్కడ కార్లు ట్రాన్స్‌ఫార్మర్ గదికి బాగా దగ్గరగా పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే అంటుకుంది. టైర్లు, పెట్రోలు, ప్లాస్టిక్. పొగ ఎంత దట్టంగా వచ్చి ఉంటుందో చెప్పక్కర్లేదు.

వేడి పొగ ఎప్పుడూ పైకే పోతుంది. పైకి పోవడానికి దానికి మెట్ల దారి దొరికింది. మెట్లున్న బావి మన వంటింటి పొగగొట్టంలా పనిచేసింది. ఇంకొంత పొగ ఏసీ డక్టుల్లోంచి నేరుగా హాల్లోకి వెళ్లింది. చల్లగాలి రావాల్సిన చోట నుంచి కార్బన్ మోనాక్సైడ్ వచ్చింది.

కింద మెయిన్ హాల్లో ఉన్నవాళ్లలో చాలా మంది బయటపడ్డారు. మరి బాల్కనీ వాళ్లు ఎందుకు పడలేకపోయారు? దీనికి జవాబు 1997లో లేదు. 1970ల్లో ఉంది.

ఉపహార్ 1973లో మొదలైంది. అప్పటి ప్లాన్ ప్రకారం కింద 750 సీట్లు, బాల్కనీలో 250. సీట్ల మధ్య నడిచే దారులు, రెండు వైపులా ఎగ్జిట్లు, అన్నీ రూల్ ప్రకారమే ఉన్నాయి. 1976లో ప్రభుత్వం రూల్స్ సడలించి, థియేటర్లలో అదనంగా సీట్లు వేసుకోవచ్చంది. ఉపహార్ 100 సీట్లు పెంచింది. వాటిలో 43 బాల్కనీలో. అన్ని సీట్లు పట్టాలంటే దారి తగ్గాలి కదా! బాల్కనీ కుడివైపు నడిచే దారి మూసుకుపోయింది. 1979లో ఆ సడలింపుని వెనక్కి తీసుకున్నారు. అయినా బాల్కనీలో 37 సీట్లు అలాగే ఉండిపోయాయి. దానికి తోడు అదే కుడివైపు ఓనర్ల ఫ్యామిలీ కోసం 8 సీట్ల బాక్స్ కట్టారు. ఆ బాక్స్ ఒక ఎగ్జిట్‌కి అడ్డం పడింది.

ఇవన్నీ దొంగచాటుగా రాత్రికి రాత్రి జరిగినవి కావు. ఆఫీసుల్లో ఫైళ్లు కదిలాయి, పర్మిషన్లు వచ్చాయి, తనిఖీలు జరిగాయి. 1983లో తనిఖీ చేసి, లోపాలున్నాయని ఉపహార్‌తో పాటు మరికొన్ని థియేటర్ల లైసెన్సులు నాలుగు రోజులు సస్పెండ్ చేశారు. థియేటర్ల వాళ్లు హైకోర్టుకి వెళ్లి స్టే తెచ్చుకున్నారు. స్టే అంటే లోపాలు లేవని కాదు, కేసు తేలేదాకా ఆగమని. కానీ అక్కడి నుంచి 1997 దాకా, అంటే 14 ఏళ్లు, ఉపహార్ టెంపరరీ పర్మిట్ల మీదే నడిచింది. 1989లో ఇదే బిల్డింగ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒకసారి మంటలు లేచాయి. అప్పుడు ప్రాణాలు పోలేదు. కాబట్టి ఎవరూ దాన్ని హెచ్చరికగా తీసుకోలేదు.

ఇప్పుడు మళ్లీ ఆ సాయంత్రానికి రండి. బాల్కనీలోకి పొగ వస్తోంది. లైట్లు పోయాయి. ఎమర్జెన్సీ లైట్లు లేవు. మైకులో ఒక్క అనౌన్స్‌మెంట్ లేదు. తలుపులు చూపించాల్సిన స్టాఫ్ లేరు. కొన్ని తలుపులకి గడియ పెట్టి ఉంది. కుడివైపు దారి లేదు. చీకట్లో, కళ్లు మండుతుంటే, ఊపిరి ఆడకుండా, తెలియని చోట తలుపు వెతుక్కోవాలి. మీరు ఏ థియేటర్‌లోనైనా లైట్లు ఆర్పాక సీటు వెతుక్కుని ఉంటారు కదా, ఫోన్ టార్చ్ వేసుకుని మరీ. 1997లో అది కూడా లేదు.

చనిపోయినవాళ్లలో ఒక అక్కా తమ్ముడు ఉన్నారు. అక్కకి 17 ఏళ్లు, తమ్ముడికి 13. ఆ టికెట్లు పిల్లల కోసం బుక్ చేసింది వాళ్లమ్మ. పేరు నీలం కృష్ణమూర్తి. ఆమె, ఆమె భర్త శేఖర్ కృష్ణమూర్తి కలిసి బాధిత కుటుంబాలతో ఒక సంఘం పెట్టారు. దాని పేరు అసోసియేషన్ ఆఫ్ విక్టిమ్స్ ఆఫ్ ఉపహార్ ట్రాజెడీ. ఈ కేసు ఇన్నేళ్లు బతికి ఉండటానికి కారణం వాళ్లే. వాళ్లు రాసిన పుస్తకం ట్రయల్ బై ఫైర్ 2016లో వచ్చింది. దాని ఆధారంగా 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో సిరీస్ వచ్చింది. మీలో కొందరు చూసే ఉంటారు.

ఇక కోర్టు కథ. ఇది రెండు దారుల్లో నడిచింది. ఒకటి నష్టపరిహారం కేసు, రెండోది క్రిమినల్ కేసు.

మొదటిది చూద్దాం. 2003లో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. చనిపోయినవాళ్లలో 20 ఏళ్లు దాటినవాళ్ల కుటుంబాలకి 18 లక్షలు, అంతకంటే చిన్నవాళ్ల కుటుంబాలకి 15 లక్షలు. గాయపడినవాళ్లకి లక్ష. దీనికి తోడు శిక్షలాంటి పరిహారంగా థియేటర్ మీద రెండున్నర కోట్లు. థియేటర్, విద్యుత్ బోర్డే కాదు, లైసెన్స్ ఇచ్చే పోలీసు విభాగం, మున్సిపల్ కార్పొరేషన్ కూడా బాధ్యులే అంది హైకోర్టు.

2011 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దీన్ని మార్చింది. 18 లక్షలు 10 లక్షలయ్యాయి. 15 లక్షలు ఏడున్నర లక్షలయ్యాయి. రెండున్నర కోట్లు 25 లక్షలయ్యాయి. ఈ 25 లక్షల లెక్క ఎలా వచ్చిందో తెలుసా? అదనంగా వేసిన సీట్ల మీద థియేటర్‌కి వచ్చిన ఆదాయాన్ని బట్టి. పోలీసులు, మున్సిపల్ కార్పొరేషన్ పరిహారం కట్టక్కర్లేదంది. మిగిలిన బాధ్యతలో 85 శాతం థియేటర్‌ది, 15 శాతం విద్యుత్ బోర్డుది అని తేల్చింది.

బాధిత కుటుంబాలకి ఇది పెద్ద దెబ్బ. కానీ ఆ తీర్పులో మనందరికీ పనికొచ్చే ఒక భాగం ఉంది. ప్రతి థియేటర్‌కి ఎమర్జెన్సీలో జనాన్ని బయటికి పంపే ప్లాన్ ఉండాలి. స్టాఫ్‌కి ట్రైనింగ్ ఉండాలి. తలుపులకి బయటి నుంచి గడియ పెట్టకూడదు. ప్రతి షోలో ఎగ్జిట్లు ఎక్కడున్నాయో చూపించే చిన్న వీడియో వెయ్యాలి. ఇవీ కోర్టు చేసిన సూచనలు. మల్టీప్లెక్స్‌లో సినిమాకి ముందు ఎగ్జిట్ మ్యాప్ వస్తే, పాప్‌కార్న్ తింటూ మనం అస్సలు పట్టించుకోం. ఇంకోసారి వచ్చినప్పుడు ఈ 59 మంది గుర్తుకు రావాలి.

రెండో దారి క్రిమినల్ కేసు. సీబీఐ 16 మంది మీద చార్జిషీట్ వేసింది. థియేటర్ ఓనర్లయిన సుశీల్ అన్సల్, గోపాల్ అన్సల్ సోదరులు, మేనేజర్లు, విద్యుత్ బోర్డు సిబ్బంది, కొందరు అధికారులు. ట్రయల్ పూర్తయ్యేసరికి 10 ఏళ్లు గడిచాయి. నిందితుల్లో నలుగురు ఈలోపే చనిపోయారు. 2007 నవంబర్‌లో మిగిలిన 12 మందినీ కోర్టు దోషులుగా తేల్చింది. అన్సల్ సోదరులకి రెండేళ్ల జైలు. 59 మంది చనిపోతే రెండేళ్లేనా అంటారేమో. నిర్లక్ష్యం వల్ల మరణం అనే సెక్షన్ 304ఎ కింద అప్పటికి గరిష్ఠ శిక్షే రెండేళ్లు. మరుసటి ఏడాది హైకోర్టు దాన్ని ఏడాదికి తగ్గించింది.

అసలు వాదన ఇక్కడే ఉంది, జాగ్రత్తగా వినండి. మేం ఆ రోజు కంపెనీలో డైరెక్టర్లమే కాదు, ఎప్పుడో తప్పుకున్నాం. రోజువారీ పని చూసేది మేనేజర్లు. ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ బోర్డుది, రిపేర్ చేసింది వాళ్ల మనుషులు. సీట్లకి పర్మిషన్ ఉంది. లైసెన్స్ ప్రభుత్వం ఇచ్చింది. మరి మా తప్పేంటి? ఇదీ వాళ్ల వాదన. విడివిడిగా చూస్తే ప్రతి మాటా నిజమేనేమో అనిపిస్తుంది. బాధ్యతని ముక్కలు ముక్కలుగా చేసి పంచేస్తే చివరికి ఎవరి చేతిలోనూ ఏమీ మిగలదు.

2014 మార్చి 5న సుప్రీంకోర్టు దీనికి ఇచ్చిన జవాబులో ఒక పాత లా పదం ఉంది. ఆక్యుపయర్. అంటే ఆ బిల్డింగ్ ఎవరి కంట్రోల్‌లో ఉందో వాళ్లు. కాగితం మీద డైరెక్టరా కాదా అన్నది కాదు ముఖ్యం, నిజంగా నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారు అన్నదే ముఖ్యం. డబ్బు తీసుకుని జనాన్ని లోపలికి పిలిచినవాళ్లకి, ఆ జనం క్షేమంగా బయటికి వెళ్లేలా చూసే బాధ్యత ఉంటుంది. వందల మందిని ఒకే చోట చీకట్లో కూర్చోబెట్టే సినిమా హాలుకి ఆ బాధ్యత ఇంకా ఎక్కువ. ప్రభుత్వం పర్మిట్ ఇచ్చింది కదా అంటే ఆ బాధ్యత తీరిపోదు. పక్కవాడి ట్రాన్స్‌ఫార్మర్ అయినా నీ బిల్డింగ్‌లో ఉంటే, దాని వల్ల నీ ప్రేక్షకుడికి ప్రమాదం రాకుండా చూడాల్సింది నువ్వే.

దోషులన్న మాట ఖాయమైంది. శిక్ష దగ్గర మాత్రం ఇద్దరు జడ్జిలకీ ఏకాభిప్రాయం కుదరలేదు. 2015లో ముగ్గురు జడ్జిల బెంచ్, ఇద్దరూ చెరో 30 కోట్లు కడితే జైలు అక్కర్లేదంది. కుటుంబాలు రివ్యూకి వెళ్లాయి. 2017 ఫిబ్రవరిలో కోర్టు గోపాల్ అన్సల్ మిగిలిన శిక్ష అనుభవించాలంది. సుశీల్ అన్సల్‌కి వయసు దృష్ట్యా మినహాయింపు ఇచ్చింది.

ఇంకో మలుపు కూడా ఉంది. ట్రయల్ నడుస్తుండగా కోర్టు ఫైలులోని కొన్ని కాగితాలు చిరిగిపోయాయి, కొన్ని మాయమయ్యాయి, కొన్నింటి మీద ఇంకు పోశారు. అవి ఏ కాగితాలు? వాటిలో మీటింగ్ మినిట్స్ ఉన్నాయి, చెక్కులు ఉన్నాయి. అంటే థియేటర్ కంట్రోల్ ఎవరి చేతిలో ఉందో చూపించే కాగితాలు. దీని మీద వేరే కేసు నడిచింది. 2021లో అన్సల్ సోదరులకి ఏడేళ్ల జైలు, చెరో రెండుంపావు కోట్ల జరిమానా పడ్డాయి. 2022 జూలైలో అప్పీలులో, అప్పటికే గడిపిన జైలు కాలం చాలని వదిలేశారు. ఆలోచించండి, బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకి జవాబిచ్చే కాగితాల్నే ఎవరో చింపాల్సి వచ్చింది. ఆ ప్రశ్న అంత విలువైనది.

సరే, ఢిల్లీ కథ అయిపోయింది. మన దగ్గర పరిస్థితి ఏంటి?

ఫైర్ సర్వీస్ రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఫైర్ సర్వీస్ చట్టం వచ్చింది. తెలంగాణ కూడా విడిపోయాక దాన్నే కొనసాగించింది. దాని ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న కమర్షియల్ బిల్డింగ్‌కి, 18 మీటర్లు, ఆపైన ఉన్న అపార్ట్‌మెంట్లకి ఫైర్ ఎన్‌వోసీ కావాలి. స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లలాంటి జనం గుమిగూడే చోట్లకి ఎత్తు పరిమితి ఇంకా తక్కువ, 6 మీటర్లే. కట్టే ముందు ఒక ఎన్‌వోసీ, కట్టాక జనం చేరే ముందు ఇంకోటి. బాధ్యత ఓనర్ మీద, ఆ బిల్డింగ్‌ని వాడుకునేవాళ్ల మీద.

రూల్ ఉంది. అయినా 2020 ఆగస్టు 9న విజయవాడలో, కోవిడ్ కేర్ సెంటర్‌గా మార్చిన ఒక హోటల్‌లో మంటలు లేచి 10 మంది చనిపోయారు. బిల్డింగ్ హోటల్‌ది, సెంటర్ నడిపేది ఒక ఆసుపత్రి. మళ్లీ అదే ప్రశ్న. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న బిల్డింగ్‌లో 8 మంది చనిపోయారు. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో, కింద కెమికల్ డ్రమ్ములు పెట్టిన అపార్ట్‌మెంట్‌లో మరికొందరు. ఒక్కసారి కలిపి చూడండి. కింద అంటుకునే సామాను, పైన మనుషులు, మధ్యలో పొగగొట్టంలా మెట్లు. ఉపహార్ బిల్డింగ్ ఎక్కడికీ పోలేదు, మన వీధిలోకే వచ్చింది.

ఇంగ్లండ్, వేల్స్‌లో 2006 నుంచి ఒక పద్ధతి అమల్లో ఉంది. ఆఫీసు, షాపు, హోటల్, ఏదైనా సరే, ఫైర్ సేఫ్టీకి బాధ్యుడెవరో చట్టం ముందే చెప్పేస్తుంది. వాళ్ల చట్టంలో అతని పేరే రెస్పాన్సిబుల్ పర్సన్, అంటే బాధ్యుడు. ప్రమాదం ఎక్కడ రావచ్చో అతనే అంచనా వేయించాలి, దారులు ఖాళీగా ఉంచాలి. ఆ దేశంలో ప్రమాదాలు జరగడం లేదని కాదు. కానీ ఎవరిది బాధ్యత అని వెతకడం శవాలు లేచాక మొదలవ్వదు. మన దగ్గర 2024 జూలై నుంచి కొత్త భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యం వల్ల మరణానికి శిక్ష ఐదేళ్ల దాకా పెరిగింది. మంచిదే. కానీ అది కూడా మనిషి పోయాక వచ్చే శిక్షే.

మరి మనం ఏం చెయ్యాలి? మనలో ఎక్కువ మంది హాస్టళ్లలో, పీజీల్లో, కోచింగ్ సెంటర్లలో ఉంటాం. చేరేముందు వైఫై స్పీడ్ అడుగుతాం, ఫుడ్ ఎలా ఉంటుందో అడుగుతాం. ఇకనుంచి ఇంకో నాలుగు చూడండి. బయటికి రెండో దారి ఉందా? రాత్రి మెయిన్ గేటుకి తాళం వేస్తే తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? మెట్ల కింద, సెల్లార్‌లో ఏం పెట్టారు, గ్యాస్ బండలా, స్కూటర్ బ్యాటరీలా? కిటికీలకి తెరవడానికి వీల్లేని గ్రిల్స్ ఉన్నాయా? ఓనర్ని అడగడానికి మొహమాటపడొద్దు. ఫైర్ ఎన్‌వోసీ ఉందా అని అడగడం గొడవ పెట్టుకోవడం కాదు.

మీలో కొందరి ఇంట్లోనే చిన్న ఫంక్షన్ హాలో, షాపో, అద్దెకిచ్చిన బిల్డింగో ఉండొచ్చు. అయితే ఈ మాట మీకే. అద్దె తీసుకుంటున్నారంటే ఆ మెట్ల దారి మీ బాధ్యత. మీ కరెంటు మీటర్ల దగ్గర అట్టపెట్టెలు పెట్టింది అద్దెకున్నవాళ్లే కావచ్చు, చూసీ వదిలేసింది మీరు. నాకేం సంబంధం అనే మాట ఢిల్లీలో 20 ఏళ్లు వాదించి చూశారు. చివరికి నిలబడలేదు.

గ్రీన్ పార్క్‌లో ఉపహార్ మళ్లీ ఎప్పుడూ తెరవలేదు. ఎదురుగా ఉన్న పార్కులో చనిపోయినవాళ్ల స్మారకం ఉంది. దాని మీద పేర్లు, పుట్టిన తేదీలు ఉన్నాయి. చాలా మంది మీ వయసువాళ్లే.

ఈ ఎపిసోడ్ చూశాక ఒక్క పని చెయ్యండి. ఈ రాత్రి మీరు పడుకునే బిల్డింగ్‌లో కళ్లు మూసుకుని బయటికి దారి చెప్పగలరేమో చూసుకోండి. చెప్పలేకపోతే రేపు పొద్దున ఒకసారి నడిచి చూడండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.